గొడ్లతొట్టి కథ

మా మేనకోడలు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో వుంటుంది. వూరికి దూరంగా కాస్త జాగా వున్న ఇల్లు కొనుక్కుని, సరదాకి ఒక ఆవునీ రెండు మేకల్నీ పెంచుకుంటున్నారు. ఆ మధ్య ఒకరోజు రాత్రిపూట ఫోను చేసింది. కుశలప్రశ్నలు కూడా లేవు.

"అత్తా! తొట్లో నీళ్ళు తెల్లారేసరికి రాయిలా గడ్డకట్టుకుపోతున్నాయి. కొట్టం దాకా కరెంటు లాగలేదు. రోజూ గొడ్డలి పుచ్చుకుని పగలగొడుతున్నాను. కరెంటు లేని రోజుల్లో మన వాళ్ళు ఏం చేసేవాళ్ళు?"

నాకు నవ్వాగలేదు. మార్కాపురంలో నీళ్ళు గడ్డకట్టడమా! మా వైపు వైశాఖమాసంలో మిట్టమధ్యాహ్నం రేకు తొట్లో నీళ్ళు చూసిన వాళ్ళకి తెలుసు. గేదె మూతి పెట్టినట్టే పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుని, "ఇవేం నీళ్ళమ్మా తల్లీ" అన్నట్టు మనవైపు చూస్తుంది. వేడినీళ్ళు కాచుకోవడానికి మాకు కట్టెపుల్ల అక్కర్లేదు. అదే చెప్పాను. అది కూడా నవ్వి, "సరేలే, పనికొచ్చేది ఏదైనా గుర్తొస్తే చెప్పు" అని పెట్టేసింది.

కానీ పడుకున్నాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే, కరెంటు లేని రోజుల్లో మన వాళ్ళు ఏం చేసేవాళ్ళు? గడ్డకట్టకుండా చెయ్యక్కర్లేదు సరే, సలసల కాగకుండా చూడాలిగా? అసలు ముందు ఆ నీళ్ళంటూ దొరకాలిగా? పాడిగేదె ఎండాకాలంలో రోజుకి 60, 70 లీటర్లు తాగుతుంది. బిందెల్లో లెక్కవేసుకోండి. మనిషికి దాహమేస్తే అడుగుతాడు, అడగకపోతే తనే వెళ్ళి ముంచుకుంటాడు. పలుపుతాడుకి కట్టేసిన గొడ్డు ఏం చేస్తుంది?

ఆలోచించగా ఆలోచించగా తేలిందేమిటంటే, మా మేనకోడలి కష్టానికీ మా కష్టానికీ మందు ఒక్కటే. ఆ మందు పేరు నేల. భూమిలో కొంత లోతుకి పోతే ఎండాకాలం లేదు, చలికాలం లేదు. ఆ వూరి ఏడాది పొడుగు ఎండాచలీ కలిపి సగటు కడితే ఎంతవుతుందో, అడుగున సుమారుగా అంత వేడే ఎప్పుడూ వుంటుంది. మార్కాపురంలో పైన 43 డిగ్రీలు మండిపోతున్నప్పుడు కూడా లోతైన బావిలో నీళ్ళు 28, 29 డిగ్రీల దగ్గర నిలకడగా వుంటాయి. మిన్నెసోటాలో పైన నేల నాలుగైదు అడుగుల మందాన గడ్డకట్టినా, అడుగున బావినీళ్ళు 8, 10 డిగ్రీల దగ్గర హాయిగా వుంటాయి. అందుకే మనకి బావినీళ్ళు చల్లగా, వాళ్ళకి బావినీళ్ళు వెచ్చగా తోస్తాయి. బావి మాత్రం మారలేదు, మనమే పైన వేగిపోతున్నాం, వణికిపోతున్నాం.

మా వైపు పాతకాలపు గొడ్లతొట్టి మీరు చూసే వుంటారు. ఒకటే రాయిని తొలిచిందో, నాలుగు నాపబండలు నిలబెట్టి సున్నంతో అతికిందో అయివుంటుంది. పెద్దవాళ్ళు దాన్ని సగం దాకా నేలలోకి దింపేవాళ్ళు. పైన వేపచెట్టో, చింతచెట్టో. మందమైన రాయి, చుట్టూ మట్టి, పైన నీడ. అంతే, వేడి లోపలికి చొరబడడానికి సందులేదు. పైగా తొట్టి ఎంత పెద్దదైతే నీళ్ళు అంత నెమ్మదిగా వేడెక్కుతాయి. చెంబుడు నీళ్ళు చిటికెలో కాగుతాయి, గంగాళం నీళ్ళకి గంట పడుతుంది. వంటింట్లో మెలిగే మనకి ఈ సంగతి ఒకళ్ళు చెప్పాలా! రాతి తొట్టి లేని ఇళ్ళలో మట్టి గోలెం. దాని ఒంటిమీద చెమట పట్టినట్టు నీళ్ళు వూరి, ఆరుతూ ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతాయి. చుట్టూ తడి గోనెపట్టా చుట్టామంటే ఇంకా చలవ.

చలిదేశాల పాత రైతులు కూడా సరిగ్గా ఇదే చేశారు. తొట్టిని నేలలోకి దింపారు. చుట్టూ గడ్డి దట్టించారు. పైన చెక్కమూత వేసి గొడ్డు మూతి పట్టేంత కంత వదిలారు. ఒక్కటే తేడా. వాళ్ళు తొట్టి చుట్టూ పచ్చిపేడ, ఎరువు పోగుచేస్తారు, దిబ్బ మాగుతూ మాగుతూ వేడి పుట్టిస్తుంది గనక. మనం దిబ్బని తొట్టికి ఆమడ దూరంలో పెడతాం. మనం తొట్టిని నీడకి లాగితే వాళ్ళు ఎండకి జరుపుతారు. దుప్పటి ఒకటే. వాళ్ళు వెచ్చదనం పోకుండా కప్పారు, మనం వేడి రాకుండా కప్పాం.

ఇంతవరకూ తొట్టి సంగతి. మరి తొట్లోకి నీళ్ళెక్కడివి? అసలు కథ అక్కడుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో వుండేవి. ఆ ఏడు కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లా మారినా మబ్బు మారలేదు. పడమట నల్లమల కొండలు నిలబడి చూస్తుంటాయి. వాన వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆ కొండల్లో పుట్టిన గుండ్లకమ్మ కంభం దగ్గర రెండు కొండల సందులోంచి బయటపడబోతూంటే, ఆ సందుకి అడ్డంగా కట్ట వేసి ఏటినే చెరువు చేసేశారు. అదే కంభం చెరువు. దాదాపు అయిదు వందల ఏళ్ళ కిందటి మాట.

ఆ చెరువు కట్టించింది ఎవరనుకున్నారు? ఒక ఆడమనిషి అని చెప్పుకుంటారు. కృష్ణదేవరాయలు కళింగం మీద దండెత్తి, ప్రతాపరుద్ర గజపతిని ఓడించి, 1519 ప్రాంతాల్లో సంధి చేసుకున్నప్పుడు ఆయన కూతుర్ని పెళ్ళాడాడు. ఆమెను ఒకరు జగన్మోహిని అంటారు, ఒకరు తుక్కాదేవి అంటారు, మా వైపు వరదరాజమ్మ అంటారు. ఓడిపోయిన తండ్రి కూతురు, గెలిచిన మొగుడి ఇల్లు. ఆ కాపురం అచ్చిరాలేదనీ, రాయలకి దూరంగా కంభంలో వుండిపోయిందనీ, ఆమె చలవతోనే చెరువు వచ్చిందనీ కథ. మన పెద్దలు సప్తసంతానాల్లో చెరువుని కూడా ఒక సంతానంగా లెక్కపెట్టారు కదా. ఒంటరిగా మిగిలిన ఆ రాణి మనసులో ఏముందో గానీ, ఆమె పేరు చెప్పుకునే బిడ్డ మాత్రం ఇప్పటికీ గుండ్లకమ్మ నీళ్ళతో నిండుతూనే వుంది. మార్కాపురం పేరు కూడా మారిక అనే ఆడమనిషి వల్లే వచ్చిందనీ, మారికాపురమే మార్కాపురమైందనీ వూళ్ళో పెద్దలు చెబుతారు. ఇది ఆడవాళ్ళ పేర్లు నిలిచిన సీమ.

కంభం కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువు నిండితే ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని కింద పది వేల ఎకరాల పైచిలుకు సాగయ్యేది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వాళ్ళు దీనిని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చారు. వరి పండే ఎకరాల లెక్క అందరూ రాశారు, ఆ నీళ్ళు తాగి బతికిన గొడ్ల లెక్క ఎవరూ రాయలేదు. పాత చెరువుల్లో ఎక్కడ చూసినా మంచినీళ్ళ రేవు వేరు, చాకిరేవు వేరు, గొడ్ల రేవు వేరు. గేదెకి మనలాగా చెమట పట్టదు, చర్మంలో చెమట గ్రంథులు తక్కువ. నల్లటి ఒళ్ళు ఎండని పీల్చుకుంటుంది. అంచేత అది నీళ్ళలో పడుకోవడం బద్ధకం కాదు, ప్రాణం నిలుపుకోవడం.

చెరువు కట్టడం కూడా ఆషామాషీ పని కాదు. గిద్దలూరు నుంచి సగిలేరు వెంట దక్షిణంగా పోతే కడప జిల్లాలో పోరుమామిళ్ళ వస్తుంది. అక్కడి చెరువుని 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించి శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని అని అందులో వుంది. మంచి చెరువుకి పన్నెండు లక్షణాలు, చెడ్డ చెరువుకి ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట కారడం ఒక దోషం. ఉప్పునేల ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేర మీద వుండడం మరో దోషం! నీళ్ళ దగ్గర తగువులు ఈనాటివి కావన్నమాట.

అయితే ఎంత చెరువైనా పైనుంచి పడితేనే నిండేది. 1876లో వాన మొహం చాటేసింది. అది ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు అంటారు. 1878 దాకా దక్షిణదేశాన్ని పీడించిన ఆ కరువులో దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. అంటే మా తాలూకాలన్నమాట. కరువులో ముందుగా పోయేది గడ్డి, తర్వాత గొడ్డు, ఆ తర్వాత మనిషి. ఎద్దు పోయాక వాన వచ్చినా దున్నేదెవరు? అందుకే కరువు మూడోయేట కూడా కరువే అవుతుంది. ఆకలి సంగతి అందరికీ తెలుసు గానీ, ఆ సంవత్సరాల్లో ఎన్ని తొట్లు ఎండి బీటలువారాయో ఊహించుకుంటే గుండె కలుక్కుమంటుంది.

కరువు గడిచిన నాలుగేళ్ళకి, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవుల్ని రిజర్వు చేశారు, మేపుకోవడానికి రుసుము పెట్టారు. పుల్లరి అన్నమాట అప్పుడే ఇంటింటి మాటయింది. పొరుగున పల్నాడులో పుల్లరి కట్టం పొమ్మని ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకి బలయ్యాడు. ఆ పోరాటం గడ్డి కోసమని చదువుకున్నాం. కొండవాలులో గడ్డి వున్నచోటే చెలమ కూడా వుంటుంది. అడవి మూసేస్తే మేతతో పాటు ఆ నీళ్ళూ మూసుకుపోయినట్టే.

మిగిలింది ఇంటి బావి, పొలం బావి. ఇక్కడికొచ్చేసరికి కథ మగవాళ్ళ చేతుల్లోంచి మన చేతుల్లోకి వస్తుంది. పొలంలో కపిల తోలుతున్నంత సేపూ పెద్ద తోలుబాన నీళ్ళు తెచ్చి కుమ్మరిస్తుంటే, కాలవ పక్కనే వున్న తొట్టి దానంతటదే నిండేది. తోడే ఎద్దులే తాగేవి, దారిన పోయే గొడ్లూ తాగేవి, ఎవరూ లెక్క అడిగేవాళ్ళు కాదు. ఇంటి దగ్గర తొట్టి మాత్రం దానంతటది నిండదు. చేద వేసి తోడాలి. బియ్యం కడుగునీళ్ళు, గంజి, ఇంత తవుడు, ఇంత చిట్టు, నానిన తెలగపిండి కలిపి కుడితి పెట్టాలి. సూర్యుడు నెత్తికెక్కకముందు ఒకసారి, గొడ్లు ఇంటికి చేరే వేళకి ఒకసారి. తొట్టి అడుగున పాకుడు చేరకుండా వారానికోసారి కొబ్బరిపీచుతో తోమి బోర్లించినట్టు తుడవాలి. ఇవన్నీ ఎవరు చేశారో వేరే చెప్పాలా! గిద్దలూరు దగ్గర పల్లెలో మా దూరపు చుట్టం, ఎనభై దాటిన పెద్దావిడ, ఒకసారి నాతో అంది:

"మా అత్త నాకు తాళాల గుత్తి ఇయ్యలేదమ్మా. చేదతాడు ఇచ్చింది. మనం తిన్నా తినకపోయినా పొద్దుగూకేలోగా తొట్టి నిండాల, అని చెప్పింది. ఆ మాట తప్పి ఒక్కనాడు నిద్రపోలేదు."

తర్వాత కరెంటు వచ్చింది. పంపుసెట్లు వచ్చాయి. కపిల మూలపడింది, ఎద్దులు ఊపిరి పీల్చుకున్నాయి. ఆడవాళ్ళ అరచేతుల్లో చేదతాడు కాయలు మెల్లగా మానాయి. ఆ సుఖాన్ని నేను కాదనను. చేద లాగినవాళ్ళకే తెలుస్తుంది మీట నొక్కడంలో వున్న హాయి. కాకపోతే మోటారు పైపు తిన్నగా చేలోకి పోతుంది, దారిలో తొట్టి దగ్గర ఆగదు. కరెంటు రాత్రి రెండింటికి వస్తే నీళ్ళూ రాత్రి రెండింటికే. బావులు ఎండితే బోర్లు, బోర్లు ఎండితే ఇంకా లోతు బోర్లు. నేల అనే దుప్పటిని మనం చించుకుంటూ పోయాం.

లోతుకి పోయినకొద్దీ ఇంకో ముప్పు. మా నేల కింద గట్టి రాయి. కొన్ని రాళ్ళలో ఫ్లోరైడు వుంటుంది. నీరు ఎన్నాళ్ళు వాటిని అంటిపెట్టుకుంటే అంత ఫ్లోరైడు కరిగి చేరుతుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మించితే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి, నడుములు వంగిపోతాయి. మన దేశంలో ఈ జబ్బు మనుషుల్లో వుందని వైద్యులు మొట్టమొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గురించి. మార్కాపురానికి పొరుగునే వున్న పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. అంతకు మూడేళ్ళ ముందు, 1934లోనే, హైదరాబాదు సంస్థానంలో పశువుల్లో ఇలాంటి జబ్బు కనిపించిందని రాశారు. నెల్లూరు రైతులు కూడా ముందు తమ ఎద్దుల్లోనే చూశారట. బలమైన జత కొనుక్కొస్తారు, కొన్నాళ్ళకి కాళ్ళు బిగుసుకుని కుంటుతాయి. వాటిని మార్చి కొత్త జత తెస్తారు, మళ్ళీ అదే వరస.

ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నోరులేని జీవాలు మనకంటే ముందు ఆ నీళ్ళు తాగి, నడవలేక నడుస్తూ, "ఈ నీళ్ళు చూసుకోండి" అని చెప్పాయి. మనకి అర్థమయ్యేసరికి మన పిల్లల పళ్ళే గారపట్టాయి. ఇంట్లో గొడ్డు నీళ్ళు వద్దని మూతి తిప్పుకున్నా, ఎప్పుడూ లేనిది కుంటినా, దాన్ని ముందుగా గమనించేది కుడితి పెట్టే మనిషే. ఆ గమనింపుని ఎవరైనా అడిగి రాసుకుని వుంటే ఎంత బావుండేది!

నల్లమల కింద సొరంగాలు తవ్వి శ్రీశైలం వరదనీళ్ళని ఇటు మళ్ళించాలని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లు పైబడిన రెండు సొరంగాలు. పొలాలకీ, ఫ్లోరైడు వూళ్ళ గొంతులకీ అని దాని లక్ష్యం. మరోపక్క ఉపాధి హామీ పనుల్లో వూళ్ళలో గొడ్లకి సిమెంటు తొట్లు కట్టారు. మంచిపనే. ఒక వూళ్ళో అలాంటి తొట్టి చూశాను. రోడ్డు పక్కన, నడినెత్తి ఎండలో, నీలం రంగు వేసుకుని ముచ్చటగా వుంది. లోపల ఎండుటాకులు. "పైపు వుంది కదా, ఎవరూ విప్పరా?" అని అడిగితే, "అది అందరి తొట్టి అక్కా" అన్నాడు ఒక కుర్రాడు. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట. పాతకాలంలో వూరి తొట్టి కూడా అందరిదే. కానీ నింపే వంతు ఎవరిదో వూరందరికీ తెలుసు.

నాకు అర్థమైందిదీ. రాయి, నీడ, మట్టి, లోతు — ఇవన్నీ నీళ్ళని కాపాడతాయి, నిజమే. కానీ ఆ తొట్టి ఇన్ని వందల ఏళ్ళు తడిగా వుండడానికి కారణం పొద్దున్నే దాని దగ్గరికి వెళ్ళి తొంగిచూసిన ఒక మనిషి. ఆ మనిషి జీతం లేని మనిషి. చెరువు కట్టించిన రాణి పేరన్నా కథలో మిగిలింది. చేదతాడు పట్టుకున్న కోడలి పేరు ఏ శాసనంలోనూ లేదు.

వారం తర్వాత మేనకోడలికి నేనే ఫోను చేశాను. తొట్టిని సగం నేలలోకి దింపమన్నాను. చుట్టూ గడ్డి, ఎరువు దట్టించమన్నాను. చిన్నది తీసేసి పెద్దది పెట్టమన్నాను. మూత వేసి మూతి పట్టేంత కంత వుంచమన్నాను. దక్షిణం ఎండ తగిలే చోటికి మార్చమన్నాను. "ఇవన్నీ నీకెలా తెలుసత్తా? మార్కాపురంలో మంచు పడిందా?" అని నవ్వింది. "మా తొట్టిని తిరగేసి చెప్పానే" అన్నాను.

నేల గడ్డకట్టి గడ్డపార దిగలేదట. ఆ ఏటికి చుట్టూ గడ్డిమోపులు పేర్చి సరిపెట్టుకుని, మరుసటి వేసవిలో గొయ్యి తవ్వించింది. పోయిన చలికాలం మళ్ళీ ఫోను.

"అత్తా, బాగానే వుంది. మరీ చలి ముదిరినప్పుడు పైన పల్చగా పొర కడుతోంది, చేత్తో తడితే విరిగిపోతోంది. కానీ ఎంత చేసినా, పొద్దున్నే లేచి ఒకసారి వెళ్ళి చూడక తప్పటం లేదు."

"ఇక్కడా అంతేనే" అన్నాను.